మేకుల చింత మొద్దులు

మేళ్లచెరువు దాటి సిమెంటు ఫ్యాక్టరీల వైపు పోయే తోవలో, ఒక చిన్న ఊరి మొదట్లో, మొన్నమొన్నటి దాకా ఒక చింతచెట్టు ఉండేది. మేకుల చింత అంటే చుట్టుపక్కల ఊళ్లలో చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. పొద్దుగూకినంక దాని కింది నుంచి పోవాల్సి వస్తే మగవాళ్లు బీడీ ముట్టించుకునేవాళ్లు. ఆడవాళ్లు కొంగు నెత్తి మీదికి లాక్కుని జుట్టు దాచుకునేవాళ్లు.

జుట్టే ఎందుకంటే... ఆ చెట్టుకు కావలసింది జుట్టే.

ఊళ్లో ఏ ఆడమనిషికైనా గాలి సోకిందన్నారంటే, మంత్రగాడు పరశురాములు ఆమెను అమావాస్య రాత్రి అక్కడికి తెచ్చేవాడు. అంతకు ముందు కాలంలో వాళ్ల నాయిన తెచ్చేవాడు. వేపమండలతో కొట్టి, మిరపకాయల పొగ పెట్టి, ఆమె నోటితోనే "పోతా" అనిపించేవాళ్లు. తర్వాత నడినెత్తి మీద ఒక పాయ తీసి, మానుకు ఆనించి, దాని మీద ఇనుప మేకు దిగ్గొట్టేవాళ్లు. ఇక ఆమె గుంజుకోవాలి. జుట్టు కుదుళ్లతో ఊడేదాకా గుంజుకోవాలి. ఊడిన పాయతో పాటు దెయ్యం చెట్టుకు ఉండిపోతుంది, మనిషి ఇంటికి పోయి అన్నం వండుతుంది. ఇదీ వైద్యం.

ఈ దెయ్యాల ఎంపిక చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. బెల్టుషాపు ముందు పడి దొర్లేవాణ్ని పట్టవు. పెళ్లాన్ని చెరువుకట్ట పొడుగునా తరిమి కొట్టేవాణ్ని పట్టవు. కాపురానికొచ్చి ముభావంగా ఉన్నదాన్ని, కడుపు పండనిదాన్ని, "నాకొద్దు" అన్నదాన్ని మాత్రం వెతుక్కుంటూ వచ్చి పడతాయి. దెయ్యాలకు కూడా ఊరి పెద్దమనుషుల సలహా ఏదో అందుతున్నట్టే ఉంది.

చెట్టు మాత్రం బెరడు పెంచుకుంటూ పోయింది. ఒక్కో మేకునూ, దాని కింది జుట్టునూ, మెల్లగా లోపలికి మింగేసింది.

ఈ సంగతంతా నాకు చెప్పింది మెర్సీ. ఆ ఊళ్లో ఆశా కార్యకర్త. తను చూసినంత వరకు తను చెప్పింది, మిగతాది ఊరు చెప్పుకునేది. రెండూ కలిపి రాస్తున్నాను.

* * *

ఫ్యాక్టరీ లారీల కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టును కొట్టేశారు. లోపలి మేకులకు తగిలి కోతమిషను గొలుసులు తెగాయి. కట్టెకోత మిల్లు వాళ్లు మానును ముట్టుకోం అన్నారు, రంపం పళ్లు పోతాయని. మొద్దులు రోడ్డు పక్కన సిమెంటు దుమ్ము కప్పుకుని పడి ఉన్నాయి. ఊరికి ఒక పీడ పోయిందని మెర్సీ అనుకుంది.

అప్పుడే విజేందర్ ఇంట్లో కష్టం మొదలైంది.

విజేందర్ ఫ్యాక్టరీలో లోడింగ్ మేస్త్రీ. భార్య కోమల. ఒకసారి ఐదో నెలలో, మళ్లీ ఒకసారి ఏడో నెలలో ఆమె కడుపు పోయింది. ఏడో నెల బిడ్డకు గోళ్లు కూడా వచ్చాయి. ఆ బిడ్డను పూడ్చి వచ్చిన నాటి నుంచి కోమల మాట్లాడటం తగ్గించింది. మొగుడి పక్కన పండుకోవడం మానేసింది. రాత్రిళ్లు లేచి వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు.

మెర్సీ వేలు పొడిచి పరీక్ష చేస్తే, పన్నెండు ఉండాల్సిన రక్తం ఆరుకు పడిపోయి ఉంది.

"అన్నా, జర దవాఖానకు తీస్కపో," అంది విజేందర్‌తో. "రక్తం ఎక్కియ్యాలె. గిట్లనే ఉంటె పానం మీదికొస్తది."

"రక్తం దాగేది లోపల కూసున్నంక, బయటికెల్లి ఎంత ఎక్కిస్తే ఏం లాభం మెర్సీ? ముందుగాల దాన్ని దింపాలె."

పరశురాములు వచ్చి చూసి, అమావాస్యకు ముహూర్తం పెట్టాడు. చెట్టు లేదు కదా అంటే నవ్వాడు.

"చెట్టు పోతే ఏమాయె? మాను ఉన్నది గద. పగలని మొద్దు ఒక్కటుంటె సాలు. చీరిన కట్టెల దయ్యం నిలువది, నెర్రెలకెల్లి ఎల్లిపోతది. మొద్దు మాత్రం గట్టిగుండాలె."

విజేందర్ ట్రాక్టర్ మాట్లాడి మాను మొద్దులన్నీ తెప్పించి, ఇంటి వెనక మూతపడ్డ రైస్‌మిల్లు జాగాలో దింపించాడు. ఒక మొద్దు కోమలకు. మిగతావి చీరించుకుంటే నీళ్లు కాగబెట్టే పొయ్యికి ఏడాదంతా సరిపోతాయి. దెయ్యాన్ని దింపే పనిలో వంటచెరుకు కూడా గిట్టుబాటు చూసుకున్న మగాడికి దండం పెట్టాలి.

ఆ సాయంత్రం మెర్సీ మాత్రలు ఇవ్వడానికి పోయింది. కోమల చుట్టూ చూసి, మెర్సీ చెయ్యి పట్టుకుని, చాలా రోజులకు నోరు విప్పింది.

"మేకు కొట్టినప్పుడు నొస్తదా అక్కా?"

మెర్సీ ఆ చేతిలో మాత్రలు పెట్టి గుప్పిట మూసింది. అంతకు ముందటేడు పక్కూరి ఆడమనిషి ఒకామె ఇదే పరశురాములు పెట్టిన మిరపకాయల పొగలో ఊపిరాడక పోయింది. ఆమెకు కోమల కంటే రక్తం నిండుగా ఉండేది. ఈ పిల్ల అమావాస్య రాత్రి గట్టెక్కదు. ఆ సంగతి మెర్సీకి తెలుసు. అరుగు మీద కొంగు కప్పుకుని కూర్చున్న కోమల అత్త బిక్షమ్మకు కూడా తెలిసే ఉండాలి. కానీ బిక్షమ్మ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని మొహం తిప్పుకుంది. ముసల్ది మనిషి కాదు, రాయి అనుకుంటూ మెర్సీ ఇంటికొచ్చింది.

* * *

మొద్దులు చీరడానికి విజేందర్ కురుమయ్యను పిలిపించాడు. ఆ చుట్టుపక్కల కట్టె కొట్టడంలో కురుమయ్య చెయ్యి తిరిగినవాడు. గొడ్డలి ఎత్తే ముందు మొద్దు తల మీద అరచెయ్యి పెట్టి నిమురుతాడు. కంటికి కనపడని నెర్రె వేలికి తగులుతుంది. అక్కడ ఇనుపచీల నిలబెట్టి సమ్మెటతో కొడితే ఎంత మొద్దయినా రెండవుతుంది. ఇష్టమొచ్చిన చోట కొడితే చింతచేవ గొడ్డలినే వెనక్కి తంతుంది.

అట్లాగే నిమిరి, చీల పెట్టి, కొట్టాడు. మొద్దు నోరు తెరిచింది. ఇంకో దెబ్బకు గొడ్డలి ఎత్తాడు.

ఠంగుమంది.

నిప్పురవ్వ లేచింది. గొడ్డలి అంచు అర్ధచంద్రంలా విరిగింది. కురుమయ్య వంగి చూశాడు. నల్లటి చేవ నడుమ తుప్పు పట్టిన మేకు. దాని కింద... చుట్ట చుట్టుకుని... పొడుగాటి వెంట్రుకలు.

మేకు పీకగానే అవి గాలికి కొద్దిగా కదిలాయి.

కురుమయ్య గొడ్డలి, చీల, సమ్మెట అన్నీ అక్కడే పెట్టి లేచాడు.

"ఏమైంది మామా?" అన్నాడు విజేందర్.

"నాతోని గాదు బిడ్డా."

"ఎంటికలకు భయపడ్తవా? అవి కొరుకుతయా?"

"కొరుకుతె భయం లేకుండె. సూస్తున్నట్టున్నయ్." తలకు తువ్వాల చుట్టుకుంటూ అన్నాడు కురుమయ్య. "యాభై ఏండ్ల సంది కట్టె కొడుతున్న. కట్టెను కొట్టిన గని మనిషిని కొట్టలే. వేరేటోన్ని సూస్కో."

వేరేవాడు ఎవడూ రాలేదు.

ఆ రాత్రే చప్పుడు మొదలైంది.

* * *

ముందుగా విన్నది లారీ డ్రైవర్ హనుమంతు. రెండో షిఫ్టు దిగి మోటార్ సైకిల్ మీద వస్తూ రైస్‌మిల్లు గోడ పక్కన ఆపాడు. ఎందుకు ఆపాడో మగవాళ్లకు చెప్పక్కర్లేదు.

గోడ అవతల — ఠప్... చాలాసేపు ఏమీ లేదు... మళ్లీ ఠప్.

కట్టె చీలుతున్న చప్పుడు. ఈ వేళప్పుడు ఎవరు? కూలిన గోడ సందులోంచి తొంగి చూశాడు. తెల్లగా ఒక ఆకారం. నడుము దాకా విరబోసుకున్న జుట్టు. రెండు చేతులా ఎత్తిన గొడ్డలి.

హనుమంతు బండి అక్కడే వదిలి, బొందలో పడి లేచి, ఇంటికి చేరాడు. తెల్లారేసరికి జ్వరం.

"ఒక్కతె గాదు," అన్నాడు దుప్పట్లోంచి. "శానమంది ఉన్నరు..."

పొద్దున పోయి చూస్తే ఉన్న మొద్దుల్లో కొన్ని చీలి ఉన్నాయి. చీలిన కట్టెలు పద్ధతిగా గోడకు పేర్చి ఉన్నాయి. ఒక్క మేకు లేదు. ఒక్క వెంట్రుక లేదు. మర్నాడు ఇంకొన్ని చీలాయి.

ఊరు గడగడలాడింది. చెట్టును కొట్టేసిన పాపానికి లోపలి దెయ్యాలు బయటికొచ్చి తమను కట్టేసిన మొద్దుల్ని తామే పగలగొట్టుకుంటున్నాయన్నారు. పరశురాములు అవునన్నాడు. ఇంకా పగలనిది పెద్దమొద్దు ఒకటే మిగిలింది, ఎట్లాగైనా దాన్ని అమావాస్య దాకా కాపాడుకోవాలన్నాడు.

"అయితె రాత్రికి కావలుండరాదు నువ్వే," అన్నాడు విజేందర్.

"నేనా? నేను... జపం చేసుకోవాలె గద."

"నాకు నైట్ డ్యూటీ పడ్డది."

తక్కిన మగవాళ్లకు కూడా ఆ రాత్రి చాలా పనులు వచ్చాయి. తరతరాలుగా ఆడవాళ్ల మీద పడ్డ దెయ్యాలకు ఎదురుగా నిలబడ్డ ఊరు, ఒక్క మొద్దు దగ్గర ఒక్క రాత్రి నిలబడలేకపోయింది.

* * *

అమావాస్యకు ముందు రాత్రి మెర్సీ కాన్పు కేసుతో దవాఖానకు పోయి, ఆలస్యంగా వెనక్కి వచ్చింది. వ్యాను ఆమెను రోడ్డు మీద దింపి పోయింది. ఇంటికి పోవాలంటే రైస్‌మిల్లు జాగా పక్క నుంచే పోవాలి. వీధి దీపం అంతదూరం రాదు.

ఆమె యేసుప్రభువును నమ్మిన మనిషి. దెయ్యాలు లేవని సంఘంలో పదిమందికి చెప్పిన మనిషి. అయినా కొంగు దానంతటదే నెత్తి మీదికి వచ్చింది.

ఠప్.

ఆగిపోయింది. ఫ్యాక్టరీ హోరు దూరంగా... కీచురాళ్లు... తన గుండె.

ఠప్.

రేపు కోమలను ఈడ్చుకొచ్చేది ఇక్కడికే. ఆ ఆలోచన భయం కంటే బలంగా తోసింది. మెర్సీ గోడ సందు దగ్గరికి పోయింది.

చీకటికి కళ్లు అలవాటు పడ్డాక కనపడ్డాయి... ఒకటి కాదు. ఆకారాలు. అన్నీ జుట్టు విరబోసుకుని ఉన్నాయి. ఒకటి గొడ్డలి ఎత్తుతోంది. ఒకటి సమ్మెట పట్టుకుని నిలబడింది. ఒకటి మోకాళ్ల మీద కూర్చుని, పగిలిన కట్టెను రెండు చేతులతో తడుముతోంది — తప్పిపోయిన బిడ్డ ముఖం తడిమినట్టు.

"యేసయ్యా..." అంది మెర్సీ, పెదాలతోనే.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి భుజం మీద పడింది.

చల్లటి చెయ్యి. గరుకు చెయ్యి. ఇనుము వాసన.

మెర్సీ అరవబోయింది. ఆ చెయ్యే నోరు మూసింది.

"ఊకో బిడ్డా..." చెవిలో గుసగుస. "మొగోళ్లు లేస్తరు."

మెర్సీ ఫోన్ వెలుగు తిప్పింది. విరబోసిన తెల్లజుట్టు నడుమ ముడతలు పడ్డ ముఖం. ఎన్నడూ కొంగు తియ్యని నెత్తి మీద, నట్టనడుమ, రూపాయంత బోడి మచ్చ.

బిక్షమ్మ.

"అత్తా... నువ్వా?"

"నేనే. వాళ్లు గూడ మనోళ్లే, సూడు."

మెర్సీ చూసింది. తను బీపీ మాత్రలిచ్చే ముసలమ్మలు. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే ఆడవాళ్లు. బతికున్నవాళ్లే అందరూ. ఒక్కొక్కరి నెత్తి మీదా అదే మచ్చ.

"ఏం జేస్తున్నరు అత్తా గీ రాత్రి?"

బిక్షమ్మ గుప్పిట విప్పింది. మేకుకు చుట్టుకున్న జుట్టు పాయ. నల్లగా, నిగనిగలాడుతూ, నిన్ననే నూనె పెట్టినట్టు.

"నాయి," అంది ముసల్ది. తన పత్తిలాంటి తల నిమురుకుంటూ. "ఇరవై ఏండ్లు నిండలే అప్పటికి. విజేందర్ గాడు ఇంకా పుట్టలే."

"ఏమన్నవని కొట్టిర్రు?"

"తల్లిగారింటికెల్లి రానన్న."

చీకట్లోంచి ఇంకో గొంతు, పొడిగా — "నాకు మూడో కాన్పు గూడ ఆడపిల్లే."

"మా మామ మీద చెంబు ఇసిరిన," అంది సమ్మెట పట్టుకున్నామె. "ఎందుకిసిరిన్నో ఎవలు అడగలే."

మోకాళ్ల మీద ఉన్నామె తల ఎత్తలేదు. ఇంకా తడుముతూనే ఉంది. "నేను నిద్రల నవ్విన," అంది. "గంతే. ఏం కలొచ్చిందో గూడ యాదికి లేదు."

"పొద్దుగాల చెయ్యరాదా గీ పని? ఊరంత జ్వరంతోని పండింది."

"పొద్దుగాల ఆడది గొడ్డలి పడితె ఊరు ఊకుంటదా? రాత్రి పడితె దయ్యమంటరు, దగ్గరికి రారు. దయ్యమైతేనే నయమున్నది బిడ్డా." బిక్షమ్మ పెద్దమొద్దు వైపు చూసింది. "మా ఎంటికలకే అయితె ఇంకిన్ని దినాలు ఆగుదుము. పగలని మొద్దు కావాలన్నడు గద వాడు. తెల్లారేసరికి అసలు మొద్దే లేకుంట చేస్తె?"

రాయి అనుకున్న మనిషిని మెర్సీ మళ్లీ చూసింది.

పెద్దమొద్దు లొంగలేదు. చీల ఎక్కడ పెట్టినా ఎగిరి పడుతోంది. చేతులు మార్చుకుని కొట్టారు. బొబ్బలు పగిలాయి. తూరుపున నలుపు పలచబడుతోంది.

అప్పుడు ఇంటి వైపు నుంచి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా, కోమల వచ్చింది. ఎవరినీ చూడలేదు. మొద్దు దగ్గర కూర్చుని దాని తల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరింది. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ," అంది. "ఈడ కొట్టుర్రి."

చీలను తనే పట్టుకుంది. సమ్మెట దిగింది. మొద్దు లోపల ఎక్కడో ఒక మూలుగు... తర్వాత ఒక్కసారిగా నిలువునా రెండుగా పడింది.

* * *

అమావాస్య సాయంత్రం పరశురాములు నిమ్మకాయలతో, మిరపకాయలతో, కొత్త మేకుతో వచ్చాడు. రైస్‌మిల్లు జాగాలో గోడకు పేర్చిన కట్టెలు తప్ప ఏమీ లేవు.

"ఇగ వొద్దు అన్నా," అంది మెర్సీ. "ఆటో పిలిచిన. దవాఖానకు పోదాం."

విజేందర్ పరశురాములు మొహం చూశాడు. పరశురాములు ఇంటి వైపు చూశాడు. మెల్లగా, చాలా మెల్లగా, నవ్వాడు.

"చెట్టే కావాల్నని ఏమున్నది? దర్వాజ గూడ కట్టెనే గద. పాత టేకు, ఇనుమసొంటిది. ఇంట్ల దయ్యాన్ని ఇంటికే కొడ్దం."

ఎవరూ కదిలేలోపే విజేందర్ కోమల జుట్టు చేతికి చుట్టి దర్వాజ దగ్గరికి ఈడ్చాడు. నడినెత్తి పాయ చౌకట్టుకు ఆనింది. మెర్సీ అడ్డం పోతే నెట్టి పడేశారు. పరశురాములు మేకు నిలబెట్టి సుత్తె ఎత్తాడు.

గాలి చీలిన చప్పుడు.

గొడ్డలి వచ్చి వాడి చేతికి జానెడు ఎగువన, టేకు చౌకట్టులో దిగబడింది. కట్టె ఫెళ్లుమని నిలువుగా నెర్రె విచ్చింది. మేకు కింద పడింది.

గొడ్డలి పిడి మీద బిక్షమ్మ రెండు చేతులూ ఉన్నాయి. నెత్తి మీద కొంగు లేదు.

"చీరిన కట్టెల నిలువదంటివి గదరా," అంది. "ఇగ కొట్టు."

"అమ్మా..." అన్నాడు విజేందర్.

వాకిట్లోకి ఒక్కొక్కరే వస్తున్నారు. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. విరబోసిన తలలు, నడుమ బోడి మచ్చలు, చేతుల్లో మేకులు. పరశురాములు వాళ్లను చూశాడు. కొందరి జుట్టుకు మేకు కొట్టింది తన నాయిన, కొందరికి తనే. వాడి చేతిలోని నిమ్మకాయలు ఒక్కొక్కటే జారి మెట్ల మీద దొర్లాయి. ఆ ఊళ్లో నిజంగా దెయ్యాల్ని చూసినవాడు ఎవడైనా ఉంటే, వాడొక్కడే.

ఆటోలో కోమలను మెర్సీ దవాఖానకు తీసుకుపోయింది. రక్తం ఎక్కింది. పిల్ల బతికింది. మాట ఇంకా తక్కువే. కొన్ని రాత్రులు ఇప్పటికీ వాకిట్లో కూర్చుంటుంది. పక్కన బిక్షమ్మ కూర్చుంటుంది. ఎవరూ దాన్ని గాలి అనడం లేదు... పైకి.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. మొన్న మెర్సీ ఫోన్ చేసింది.

విజేందర్‌కు నిద్ర పట్టడం లేదట. రాత్రి ఇంట్లో దీపం ఆర్పగానే దర్వాజలో చిన్న చప్పుడు. టిక్... కాసేపటికి మళ్లీ టిక్. పొద్దున లేచి చూస్తే గొడ్డలి పడ్డచోటి నెర్రె ఇంకొంచెం పైకి పోయి ఉంటోంది. అతను ఇనుప పట్టీ కొట్టించాడు. పట్టీ వంగిపోయింది. చివరికి కురుమయ్యను పిలిచి చూపించాడు.

"పచ్చికట్టె అయితె ఎండుకుంట చీలుతది మామా, ఇది వందేండ్ల టేకు. ఒక్క దెబ్బకు ఇంతగనం చీలుతదా?"

కురుమయ్య నెర్రె మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, కింది నుంచి పై దాకా నిమిరాడట. తర్వాత చెయ్యి ఝాడించుకుని, గబగబా మెట్లు దిగి, వాకిట్లో నిలబడి చెప్పాడట —

"ఇది గొడ్డలి దెబ్బకు చీలుతలేదు బిడ్డా. లోపటి నుంచి చీలుతాంది."